వియ్యంకుడి గది

"ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, దిగేటప్పుడు ఎడమవైపు. లోయ ఎప్పుడూ అటే ఉంటుంది," అంటూ కొండలాయన కాగితం మీద పెన్సిల్‌తో మెలికలు తిరిగే గీత గీస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న కుర్ర దంపతులు చంటిపిల్లను ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి మారుస్తూ ఆ గీతనే చూస్తున్నారు. ఏడో మలుపు దగ్గర ఒక చుక్క పెట్టాడు. అక్కడ టీ బాగుంటుంది, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. పదిహేడో మలుపు దగ్గర ఇంకో చుక్క. అక్కడ ఎంతటి మొనగాడికైనా కడుపులో తిప్పుతుంది కాబట్టి పదహారో మలుపుకే నిమ్మకాయ చేతిలోకి తీసుకోవాలి. ఇరవై తొమ్మిది దాటాక కిటికీ అద్దం తెరవాలి. అక్కడినుంచి గాలే వేరు.

"మీరెన్నిసార్లు వెళ్ళి ఉంటారండీ?" అని ఆ కుర్రాడు ముచ్చటపడి అడిగాడు.

కొండలాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "నలభై ఒక్క మలుపులూ నోటికొచ్చు లెండి," అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు. అలాగని అబద్ధమూ కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన ఇదే చెబుతూ నెట్టుకొస్తున్నాడు. ఉన్న మాట చెప్పాలంటే, ఆయన ఆ కొండ మొదటి మలుపు కూడా ఎక్కలేదు.

మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ట్రావెల్ ఆఫీసు అది. గోడ మీద కొండ ఫోటో ఒకటుంది. ఎండ తగిలి తగిలి అందులో పచ్చదనమంతా పోయి నీలం ఒక్కటే మిగిలింది. దాని కింద కొండలాయన బల్ల, నల్ల టెలిఫోను, తలమీద గిర్రున తిరిగే ఫ్యాను. మనిషి పొట్టి. బట్టతల చుట్టూ మిగిలిన జుట్టును పద్ధతిగా దువ్వుకుంటాడు. జేబులో మూడు పెన్నులుంటాయి, వాటిలో ఒకటి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. శని, ఆదివారాల్లో కొండ మీదికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. ఘాట్ రోడ్డు మీద మూడు ఊళ్ళున్నాయి. ఆఫీసులో వాటిని కింది ఊరు, నడిమి ఊరు, పై ఊరు అంటారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి కింది ఊరు, కొత్తగా పెళ్ళైనవాళ్ళకి నడిమి ఊరు, నోరు మూసుకుని కూర్చోగలిగినవాళ్ళకి పై ఊరు. మనిషిని చూడగానే ఏ ఊరో ఆయనకు తెలిసిపోతుంది. ఇందులో ఆయన పొరపడ్డది బహు తక్కువ.

బల్ల మీద పొడుగాటి పుస్తకం ఒకటుంటుంది. పేరుకది గదుల పుస్తకం, తీరా చూస్తే కిటికీల పుస్తకం. వెళ్ళి వచ్చినవాళ్ళు గది రసీదు కాగితాలు ఇవ్వడానికి వస్తే, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "కిటికీలోంచి ఏం కనిపించింది?" అని అడుగుతాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. "పై ఊరు, నాలుగో గది: పొద్దున్నే గుర్రాలు నీళ్ళు తాగుతాయి." "నడిమి ఊరు, మూల గది: చెట్టు పెరిగిపోయింది, ఇక లాభం లేదు." "ఏడో గది: మంచు తప్ప ఏమీ కనిపించలేదు, అయినా బాగుందన్నారు." "పదకొండో గది: చూడలేదట, రెండు రోజులూ పోట్లాడుకున్నారట." ఫ్యాను గాలికి పేజీలు ఎగరకుండా పైన ఒక గులకరాయి పెడతాడు. పై ఊరి వాగులోంచి ఎవరి పాపో తెచ్చిచ్చిన రాయి. నున్నగా, బూడిద రంగులో, కోడిగుడ్డంత ఉంటుంది. కొండకు సంబంధించి ఆయన చేత్తో ముట్టుకున్నది అదొక్కటే.

వెళ్ళాలని లేక కాదు. మూడుసార్లు బయల్దేరబోయాడు. పెళ్ళైన వారానికి మొదటిసారి. ఆ పొద్దున్నే అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రెండోసారి కూతురికి తట్టు పోసింది. మూడోసారి ఇంట్లో అందరూ గుండ్రాయిల్లా ఆరోగ్యంగానే ఉన్నారు, తప్పు ఆఫీసుదే. ఒక కొత్త జంటకు గది రాయించడం అక్కడ ఎవరో మర్చిపోయారు. ఆ అమ్మాయి పెట్టె మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూడలేక తన గది వాళ్ళకిచ్చేశాడు. ఇంటికి వెళ్ళి చెప్తే భార్య సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో సర్దింది. వారం తర్వాత మాత్రం, "వాళ్ళు కొండంతా బాగా చూశారటా?" అని అడిగింది. 

ఆవిడ బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. వచ్చే నెల ఆపరేషన్. ఆ తర్వాత చాలాకాలం ప్రయాణాలు కుదరవని డాక్టరు ముందే చెప్పాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒక కోరిక కోరింది. "అక్కడ మబ్బు కాళ్ళ కింద ఉంటుందటగా. అదొక్కసారి చూస్తే చాలు," అంది. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తలేదు కాబట్టే ఆయనకది మేకు కొట్టినట్టు గుర్తుండిపోయింది. పై ఊరిలో మబ్బు చూడాలంటే నూట ఇరవై మెట్లెక్కి శిఖరం దగ్గరికి పోవాలి. ఎక్కకుండా చూడగలిగే చోటు ఒక్కటే, లోయవైపు ఆరో గది బాల్కనీ. ఆ గది పేజీలో పద్నాలుగు మంది మాటలున్నాయి. పద్నాలుగు మందీ మబ్బు గురించే చెప్పారు.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఐదున్నర బస్సుకి వాళ్ళిద్దరూ ఆ ఆరో గదికే బయల్దేరుతున్నారు.

గది తన పేరు మీద రాయించలేదు. మూడుసార్లు తన పేరు రాయించి కొట్టేయించాడు. నాలుగోసారి రాయించాలంటే సిగ్గేసింది, కాస్త భయం కూడా వేసింది. అందుకే వియ్యంకుడి పేరు మీద పెట్టాడు. ఈ వియ్యంకుడి కథేమిటంటే, ఆ కొత్త జంట సంగతి జరిగాక ప్రతి వారం పై ఊరి హోటల్లో ఒక గది ఎందుకైనా మంచిదని పట్టి ఉంచడం ఆయనకు అలవాటు. ఎవరికైనా పొరపాటు జరిగితే వాళ్ళ పేరు రాయించడానికి ఆ గది అక్కరకొస్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట మొదటిసారి హోటలాయన "ఎవరి పేరు రాయను?" అని ఫోన్లో అడిగితే, ఏ పేరూ తట్టక "మా వియ్యంకుడు" అనేశాడు. అప్పటికి కూతురికి మూడేళ్ళు. హోటలాయన పడీ పడీ నవ్వి, ఆ రోజునుంచీ "బావగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఈయనా బావగారూ అనే అంటాడు. మొహాలు చూసుకున్నది లేదు గాని బంధుత్వం మాత్రం గట్టిపడింది. వాళ్ళ మధ్య ఒప్పందం ఒకటే. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా వియ్యంకుడు వస్తున్నాడని ఫోను రాకపోతే, ఆ గది ఎవరికైనా ఇచ్చేసుకోవచ్చు. వియ్యంకుడు ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు.

పదిన్నరకి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. అక్కకు డెబ్భై ఉంటాయి, బక్క ప్రాణం. చెల్లెలు ఐదారేళ్ళు చిన్న, మనిషి మాత్రం రెండింతలు. తల్లి చేతి గడియారం ఎవరికి చెందాలన్న తగవు మీద ఏడేళ్ళు మాటల్లేవట. పోయిన మంగళవారం ఎవరి ఇంట్లోనో ఎదురుపడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఏడ్చేసి కలిసిపోయారట. ఇప్పుడు ఇద్దరూ కలిసి రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళాలి.

"వచ్చే వారమైతే ప్రశాంతంగా ఉంటుందమ్మా," అన్నాడు కొండలాయన.

"వచ్చే వారం దాకా ఆగలేం బాబూ," అంది అక్క. "మళ్ళీ మాటలు మానేసేలోపే వెళ్ళి రావాలి."

చెల్లెలు అవునన్నట్టు తలూపి, అక్క సంగతి తనకు తెలుసునంది. నా సంగతేమిటని అక్క అడిగింది. కొండలాయన గబగబా బస్సు చార్టు ముందుకు తోశాడు. ఇద్దరికీ కిటికీయే కావాలి కాబట్టి ఒకరి వెనక ఒకరికి సీట్లు వేశాడు. ఆ ఉపాయానికి ఇద్దరూ మెచ్చుకున్నారు. గది ఒక్కటే చాలు, మంచాలు మాత్రం రెండు కావాలన్నారు. ఏడేళ్ళు నోరు మూసుకుని ఉండగలిగిన వీళ్ళు పై ఊరి మనుషులేనని ఆయనకు ఇట్టే తెలిసిపోయింది. ఇంకే వారమైనా అయితే వియ్యంకుడి గది తీసి చేతిలో పెట్టేవాడు. ఇవాళ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. చెవులు వేడెక్కాయి. హోటలుకి ఫోను చేస్తే హోటలాయన బయటికెళ్ళాడట, ఆయన ఇల్లాలు ఎత్తింది. రిజిస్టరు చూసి, గదులన్నీ నిండిపోయాయంది. ఎవరైనా మానేస్తే ఈ అక్కచెల్లెళ్ళను గుర్తుపెట్టుకోమని చెప్పి పెట్టేశాడు. వాళ్ళు దిగాలుగా లేచి వెళుతుంటే దొంగతనం చేసినవాడిలా గులకరాయిని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు.

పన్నెండుంబావుకి ఫోను మోగింది. "బావగారూ, లోయవైపు గది ఒకటి ఖాళీ అయింది. మీ అక్కచెల్లెళ్ళ పేరు రాసేశాను..." అన్నాడు హోటలాయన. అంతలో లైను తెగిపోయింది. కొండ మీది ఫోన్లు ఎప్పుడూ అంతే, సగం మాట చెప్పి ఊరుకుంటాయి. కొండలాయనకు మాత్రం పట్టరాని సంతోషం వేసింది. తన గదీ తనకుంది, వాళ్ళ గదీ వాళ్ళకు దొరికింది. వెంటనే అక్కచెల్లెళ్ళకు కబురు చెప్పాడు. అవతల ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు ఫోను లాక్కోవడం వినిపించింది. మధ్యాహ్నం డబ్బాలో అన్నం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆఫీసు యజమానురాలికి నవ్వొచ్చింది. ఈ ఆఫీసు పెట్టి, చనిపోయిన పెద్దాయన కూతురు ఆమె, గౌన్లు వేసుకునే రోజులనుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. శనివారం సెలవు కావాలని నిన్న ఆయన అర్జీ రాసిస్తే, ఎలా రాయాలో కూడా ఆయనకు తెలియలేదని ఆమె ఇప్పటిదాకా ఆటపట్టిస్తూనే ఉంది.

మూడింటికి పని తీరింది. అటూ ఇటూ చూసి, ఒక కొత్త కాగితం తీసి, తన కోసం దారి గీసుకోవడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క మలుపులూ తెలిసినవాడికి ఆ కాగితం దేనికో ఆయనకే తెలియదు. భార్య చేతికివ్వాలి, అంతే. పదిహేడో మలుపు దగ్గర చుక్క పెట్టి, పక్కన బుద్ధిగా నిమ్మకాయ బొమ్మ వేశాడు. గీత పై ఊరు చేరాక ఫోను తీశాడు.

"బావగారూ, వియ్యంకుడు బయల్దేరుతున్నాడు," అన్నాడు. ఈ మాట అనడానికి వారం రోజులుగా ముచ్చటపడుతున్నాడు.

 "ఏ వియ్యంకుడు?" అన్నాడు హోటలాయన.

"నేనే. మా ఆవిడా నేనూ."

 హోటలాయన మెల్లగా చెప్పుకొచ్చాడు. పన్నెండు దాటింది. వియ్యంకుడు వస్తున్నాడని ఫోను రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ శుక్రవారమూ రాలేదు కాబట్టి దాని కోసం చూడనూ లేదు. ఎప్పటిలాగే పేరు కొట్టేసి, అడిగినవాళ్ళకు గది ఇచ్చేశాడు. అడిగింది కూడా బావగారే. అక్కచెల్లెళ్ళకిచ్చింది ఆరో గదే.

కొండలాయన ఫోను పెట్టేసి గోడ మీది నీలం కొండకేసి చూశాడు. పన్నెండులోగా వియ్యంకుడు వస్తున్నాడని చెప్పాలన్న సంగతే ఆయనకు తట్టలేదు. ఒక్కసారీ చేసిన పని కాదు, చేతికి అలవాటు లేదు. వెయ్యి మంది ప్రయాణాల్లో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి, తన ప్రయాణాన్ని తన చేత్తోనే పట్టుకెళ్ళి పరాయివాళ్ళకు ఇచ్చేశాడు. పైగా సంతోషంగా ఇచ్చాడు. సంగతి విన్న యజమానురాలు, వాళ్ళకి గది దొరకలేదని చెప్పేద్దాం బాబాయ్, తప్పేముంది, వచ్చే వారం పంపిద్దాం అంది. ఆయనకీ ఆ మాట నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది గాని, నచ్చిన మాట నిజం. మోకాలి ఆపరేషన్‌కి ఇంక మూడు వారాలే ఉంది.

నాలుగింటికి అక్కచెల్లెళ్ళు కాగితాల కోసం వచ్చారు. అక్క మణికట్టుకు పాత గడియారం ఉంది. వెళ్ళేటప్పుడు అక్క, వచ్చేటప్పుడు చెల్లెలు పెట్టుకోవాలని ఒప్పందమట. గది దొరకలేదని చెబుదామని కొండలాయన నోరు తెరిచాడు. చివరికి నోట్లోంచి వచ్చింది మాత్రం, "బాల్కనీలో పొద్దున ఆరింటికి కూర్చోండమ్మా. మబ్బు కాళ్ళ కిందికి వస్తుంది," అన్న మాటే. యజమానురాలు తల పట్టుకుంది.

నాలుగున్నరకి భార్య వచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో రెండు ముదురు నీలం స్వెట్టర్లు. బడి పిల్లలకు సరఫరా చేసే కొట్లో పెద్ద సైజువి అడిగి తెచ్చింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, నొప్పి కాలిని చేత్తో సాయం పట్టి ఎక్కి, లోపలికొచ్చి ఆయన మొహం చూసింది. ముప్పై ఏళ్ళు చూసిన మొహం కాబట్టి ఏమీ అడగక్కర్లేకపోయింది. కుర్చీలో కూర్చుని స్వెట్టర్లు ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన జరిగినదంతా చెప్పాడు, ఒక్క అక్షరం దాచలేదు. వియ్యంకుడి పేరెందుకు పెట్టాడో చెప్పాడు. మూడుసార్లూ తప్పిపోయినందుకు ఎంత బాధపడ్డాడో కూడా చెప్పేశాడు, అది మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పనిది.  ఆపరేషన్ అయ్యాక, నయమయ్యాక, ఈసారి రెండు నెలల ముందే ఆరో గది తన సొంత పేరు మీదే రాయిస్తానన్నాడు.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు పెదాలు బిగబట్టుకుంది, తర్వాత ఆగలేక స్వెట్టరు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరే ఫోను చేసి మన గది ఇప్పించారా?" అంది. అది చూసి యజమానురాలూ నవ్వేసింది.

నవ్వు సర్దుకున్నాక ఆవిడ అడిగింది. "బస్సులో సీట్లున్నాయా?"

"ఉన్నాయి. కుడివైపు."

"కొండ ఉందా, అదీ ఎవరికైనా ఇచ్చేశారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గది కోసమా మనం వెళుతున్నది? పదండి. అంత చోట ఇద్దరు మనుషులు కూర్చోవడానికి జాగా దొరక్కపోదు," అని స్వెట్టరు ఆయన బల్ల మీద పెట్టింది.

గది లేకుండా కొండ మీదికి మనుషుల్ని పంపడం కొండలాయన ఇరవై ఆరేళ్ళలో ఎరగడు. చెయ్యి దానంతటదే ఫోను తీసింది. బస్సెక్కుతున్నామని చెప్పగానే హోటలాయన గట్టిగా ఊపిరి వదిలాడు. మూడింటినుంచీ ఇల్లాలు తనను దులిపేస్తోందట. వంటింటి పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న గది ఉందట, ఖాళీ చేయించి మంచం వేయించాడట. ఫోను చేద్దామంటే లైను కలవలేదట. "ఒక్కటే లోటు బావగారూ," అన్నాడు. "దానికి కిటికీ లేదు."

కొండలాయన ఆ మాట పైకి అన్నాడు. కిటికీ లేదట. భార్య భుజాలెగరేసింది. కిటికీ లేకపోతే తలుపు తీసుకుని కూర్చుందామంది.

"తలుపు తీస్తే ఏముంది బావగారూ?" అని అడిగాడు ఫోన్లో.

"వెనకాల రాతి గట్టుంది. ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. రోజూ పొద్దున నేను టీ తాగేది అక్కడే. మీ ఇద్దరికీ కుర్చీలు వేయిస్తాను."

"అక్కడ కూర్చుంటే ఏం కనిపిస్తుంది?"

లైను తెగిపోయింది.

ఆయన మళ్ళీ కలపలేదు. ఫోను పెట్టేసి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, తెలుసుకోకుండా ఊరుకున్నాడు.  పుస్తకం తెరిచి కొత్త పేజీ తీసి, అలవాటు కొద్దీ ఒక పంక్తి రాశాడు. కారే పెన్ను దగ్గరికే చెయ్యి పోయింది, చివర ఒక సిరా చుక్క పడింది. పుస్తకాన్ని సంచిలో పెట్టబోతుంటే భార్య వారించింది. అదెందుకు, అక్కడ మనమే ఉంటాంగా అంది. నిజమే కదా అనుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

అక్కడే స్వెట్టర్లు తొడుక్కున్నారు. ఉక్కపోతగా ఉంది, అయినా విప్పలేదు. ఒకే రంగు స్వెట్టర్లలో ఇద్దరూ బడికి బయల్దేరిన పిల్లల్లా ఉన్నారని యజమానురాలు అంది. జేబులో నిమ్మకాయ ఉందో లేదో ఆయన రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. బస్సు వచ్చి రోడ్డు చివర ఆగింది. అక్కచెల్లెళ్ళు అప్పటికే కిటికీల దగ్గర ఒకరి వెనక ఒకరు కూర్చుని, సీట్ల సందులోంచి మాట్లాడుకుంటున్నారు. కొండలాయన, భార్య మోచేయి పట్టి మెల్లగా ఎక్కించి, లోయవైపు కిటికీ ఆవిడకు వదిలి, పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలాక ఆవిడ మీదుగా వంగి తల బయటికి పెట్టి చెయ్యి ఊపాడు. ఎంతోమందిని సాగనంపినవాడికి చెయ్యి ఊపడం బాగానే వచ్చు గాని, ఇటువైపునుంచి ఊపడం కొత్త కదా, ఎప్పుడాపాలో తెలియక బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు.

యజమానురాలు లోపలికొచ్చింది. ఆయన ఫ్యాను ఆపడం మర్చిపోయాడు, మొట్టమొదటిసారి. ఆ గాలికి బల్ల మీది పుస్తకం అంచులు లేచి లేచి పడుతున్నాయి. గులకరాయి కింద ఆ పేజీ మాత్రం తెరిచే ఉంది: "పై ఊరు, వంటింటి పక్క గది. కిటికీ లేదు. కనిపించేది:" ఆ తర్వాత ఒక సిరా చుక్క, దాని కింద పేజీ అంతా ఖాళీ.